రెండో దగ్గు బిళ్ల

"నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు," అన్నాడు చీఫ్. "కుర్చీలో కూర్చుంటావు. పేజీ అయిపోగానే లేచి తిప్పుతావు. మళ్లీ కూర్చుంటావు. అంతే మిషన్."

ఏజెంట్ తలూపాడు గాని మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. పరుగెత్తే రైలు కింద వేలాడమన్నారు, వేలాడాడు. గడ్డకట్టే నీళ్లలో మునగమన్నారు, మునిగాడు. ఇంత సర్వీసులో ఏమీ చెయ్యకుండా కూర్చోమని ఆర్డరివ్వడం ఇదే మొదటిసారి.

బ్రీఫింగ్ జరుగుతున్నది ఒక డ్రై క్లీనింగ్ షాపు పై గదిలో. కింద ఇస్త్రీ యంత్రాల ఆవిరికి నేల వెచ్చబడుతోంది. బట్టల సంచీతో మెట్లెక్కి దిగే మనుషుల్ని ఎవరూ రెండోసారి చూడరని చీఫ్ ఏరి కోరి ఈ గదిని తీసుకున్నాడు. డిపార్ట్‌మెంట్లో అసలు పేర్లు నిషేధం. వైర్‌లెస్‌లో చీఫ్ పేరు మావయ్య. అందుకని ఏజెంట్ మేనల్లుడయ్యాడు. వాళ్లు వెంటాడుతున్న విదేశీ ముఠా పేరు పెళ్లివారు. ఎవరైనా చాటుగా విన్నా ఇంటి గొడవేదో మాట్లాడుకుంటున్నారనుకుంటారు. నిజానికి రెండింటికీ పెద్ద తేడా లేదని చీఫ్ అంటుండేవాడు.

పెళ్లివారి మధ్యే ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు అందించే డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది. ప్రపంచమంతా తిరిగే పియానిస్టు. ఆమె ఫోటో ఉన్న పోస్టరు ముందు ట్రాఫిక్ నెమ్మదిస్తుందని డ్రైవర్లు చెప్పుకునేవారు. ఆమె కోడ్ నేమ్ మరదలు. ఆ పేరు పెట్టినప్పటి నుంచి ఆఫీసులో అందరూ మేనల్లుణ్ణి చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. అతనేమో ఆమెను ఫోటోలో తప్ప చూసి ఎరగడు.

ఇప్పుడా మరదలు కొన్నాళ్లుగా నోరు మెదపడం లేదు. పెళ్లివారి దేశం నుంచి పారిపోయి వచ్చిన ఒక ముసలి శాస్త్రవేత్త డిపార్ట్‌మెంట్ రక్షణలో ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. డిపార్ట్‌మెంట్ లోపలే ఒక ద్రోహి ఉన్నాడని, కమిటీ ముందు తప్ప ఆ పేరు బయటపెట్టనని ఆయన పట్టుబట్టాడు. రేపే ఆ కమిటీ. ఈలోపు ఇవాళ, ఆదివారం మధ్యాహ్నం జరిగే కచేరీకి రమ్మని పియానిస్టు నుంచి ఆయనకు ఆహ్వానం వచ్చింది. ఏళ్ల తరబడి గదుల్లో దాక్కున్న మనిషి, ఒక్కసారి ఆర్కెస్ట్రాని ఎదురుగా కూర్చుని వినకుండా చావలేనన్నాడు. చీఫ్ ఒప్పుకున్నాడు. ఎందుకొప్పుకున్నాడో మేనల్లుడికి తెలుసు. ఎర లేకుండా చేప రాదు.

"ఆవిడ అటువైపు తిరిగిపోయిందని నా అనుమానం," అన్నాడు చీఫ్. "ఎవరికి సైగ చేస్తుందో దగ్గరుండి చూడు. రోజూ పేజీలు తిప్పే అమ్మాయికి సెలవిప్పించాం. చిన్నప్పుడు మీ అత్తయ్య దగ్గర పియానో నేర్చుకున్నావుగా, ఆ చదువు ఇన్నాళ్లకి పనికొచ్చింది."

డిపార్ట్‌మెంట్ డాక్టరు గారు చిన్న డబ్బా తెరిచి చర్మం రంగులో ఉన్న ఇయర్‌పీసులు తీశాడు. ఒకటి చీఫ్‌కి, ఒకటి మేనల్లుడికి, ఒకటి తనకి. పెద్దాయనకి గుండె జబ్బు, ఆపైన విడవని దగ్గు. అందుకని డాక్టరు కచేరీ హాలు బాల్కనీ బాక్సులో ఆయన వెనకే కూర్చుంటాడు. మేనల్లుడి బో టై ముడిలో ఒకటి, చీఫ్ కోటు మడతలో ఒకటి మైకులు అమర్చింది కూడా ఆయనే. వేళ్లు మెత్తగా, చల్లగా ఉన్నాయి. పెళ్లి చూపులకి వెళ్తున్నట్టున్నావని వేళాకోళమాడాడు.

హాలు కిక్కిరిసి ఉంది. గుమ్మాల దగ్గర టికెట్లు చూసేవాళ్లలో సగం మంది డిపార్ట్‌మెంట్ మనుషులే. సూది కూడా లోపలికి పోకుండా మెటల్ డిటెక్టర్లు పెట్టారు. సెల్‌ఫోన్లు పనిచెయ్యకుండా జామర్ వేశారు. మేనల్లుడు స్టేజి పక్క తెర చాటున నిలబడి, అద్దెకి తెచ్చిన నల్లకోటులో చెమటలు కక్కుతూ మొదటి రెండు అంశాలూ విన్నాడు. మొదటిది వేట కొమ్ములతో ఊపుగా సాగే చిన్న ఓవర్చర్, కచేరీకి నాంది లాంటిది. రెండోది తీగ వాద్యాలతో మాత్రమే వాయించే పాతకాలపు రాజసభ నాట్యాలు. తర్వాత పియానో, ఆర్కెస్ట్రా కలిసి మూడు భాగాలుగా వాయించే కాన్చెర్టో. విరామం తర్వాత పెద్ద సింఫనీ.

ఆమె వచ్చింది. ముదురు ఆకుపచ్చ సిల్కు గౌను, మెడ మీద వదిలేసిన జుట్టు. పోస్టర్ నిజం చెప్పలేదు. ఆమె దానికంటే అందంగానూ ఉంది, దానికంటే అలసిపోయినట్టూ ఉంది. పక్కన బూడిదరంగు సూటు వేసుకున్న మనిషొకడు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

మేనల్లుడు కోడ్ వాక్యం వదిలాడు. వానాకాలంలో ఈ పియానో బిగుసుకుపోతుందట కదా అన్నాడు. ఎండాకాలం ఇంకా మొండికేస్తుంది అని ఆమె జవాబివ్వాలి. ఆమె అతని వైపైనా చూడలేదు. పేజీ అంచు ముందే పట్టుకుని నిలబడొద్దని, తనకి చిరాకని మాత్రం చెప్పింది. సూటు మనిషి చిరునవ్వు నవ్వి, పూలగుత్తి ఆమె చేతిలో పెట్టి, తన సీటు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

తిరిగిపోయింది, అనుకున్నాడు మేనల్లుడు. మావయ్య చెప్పిందే నిజం.

చప్పట్ల మధ్య స్టేజి మీదికి నడిచారు. ఆమె ఎడమ పక్క, కాస్త వెనగ్గా అతని కుర్చీ. అక్కడి నుంచి ఆమె భుజం మీదుగా హాలంతా కనిపిస్తోంది. పక్క గోడ మీది బాక్సులో చీఫ్, ఆయన పక్కన పిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్న పెద్దాయన, వెనక డాక్టరు. లైట్ల వేడి నెత్తిన పడుతోంది. మేనల్లుడి బతుకంతా నీడల్లో గడిచింది. ఇంత వెలుతురులో, ఇంతమంది ముందు కూర్చోవడం ఒంటి మీద చొక్కా లేనట్టుంది.

మొదటి భాగం ఉరుములా మొదలైంది. అతను లేచాడు, తిప్పాడు, కూర్చున్నాడు. నీ వైపు నుంచి పియానో హోరు తప్ప ఇంకేం వినపడట్లేదని ఇయర్‌పీసులో చీఫ్ విసుక్కున్నాడు.

కాసేపటికి పియానో ఆగి ఆర్కెస్ట్రా ఒక్కపెట్టున విరుచుకుపడింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, స్వరాలు సరిచూసుకుంటున్నట్టు అతని వైపు వంగింది. జుట్టు జారి జనం వైపు చెంపని కప్పేసింది.

"ముందు వరసలో మా అమ్మ," అంది. "అటూ ఇటూ వాళ్లే."

అంతలో ఆమె వంతు వచ్చింది. మళ్లీ చేతులు పియానో మెట్ల మీద పరుగెత్తాయి. మేనల్లుడు నిదానంగా కళ్లు తిప్పి చూశాడు. ముందు వరస మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుంది. కుడి పక్కన పూలగుత్తి తెచ్చిన సూటు మనిషి, ఎడమ పక్కన ఇంకొకడు. కూతురి అభిమాన సంఘం వాళ్లు కారు పంపి, మంచి సీట్లిచ్చి, దగ్గర కూర్చోబెట్టుకున్నారని కాబోలు ఆవిడ ముఖం నిండా సంబరం. సూటు మనిషి ఎంతో ఆప్యాయంగా ఆవిడ ముంజేయి పట్టుకున్నాడు. అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెల్లటి ప్లాస్టిక్ పెన్ను ఉంది. విషం నింపిందై ఉండాలి, దాని మొన ఆవిడ చర్మానికి ఆనుకుని ఉంది. మెటల్ డిటెక్టర్ దాన్ని ఎందుకు పట్టుకోలేదో మేనల్లుడికి అర్థమైంది.

మళ్లీ ఆర్కెస్ట్రా విజృంభించేదాకా ఆగాల్సి వచ్చింది. పేజీ వెనక పేజీ తిప్పాడు. చేతికి పని ఉంది, మెదడుకి దారి లేదు. ఆ హోరు మళ్లీ రాగానే ఆమె వంగింది.

"డాక్టరు. దగ్గు బిళ్ల."

రెండే మాటలు. ఆ రెండు మాటల తర్వాత మేనల్లుడికి సంగీతం వినపడటం మానేసింది. కమిటీ ముందు పెద్దాయన చెప్పబోయే పేరు డాక్టరుదే. అసలు పేర్లు వాడని చోట, ఆ పేరు తన వెనక కూర్చున్నవాడిదేనని పెద్దాయనకి తెలీదు. మరదలు డబుల్ ఏజెంటని పెళ్లివారికి అమ్మేసింది, ఆమె తిరిగిపోయిందని చీఫ్ చెవిలో ఊదింది కూడా ఆయనే. గుండె జబ్బు మనిషి కచేరీలో గుండె ఆగి పోతే, మరణ ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టేదీ ఆ మెత్తటి చల్లటి చెయ్యే.

మైకు టైలోనే ఉంది. ఒక్క మాట చాలు. కాని ఆ మాట చీఫ్ చెవిలో పడిన క్షణమే డాక్టరు చెవిలోనూ పడుతుంది. డాక్టరు ఒక్క సైగ చేస్తే ముందు వరసలో పెన్ను మొన లోపలికి దిగుతుంది. గుమ్మాల దగ్గర డిపార్ట్‌మెంట్ మనుషులందరూ గోడకి ఆనుకుని, తల కొద్దిగా వంచి సంగీతం ఆస్వాదిస్తున్నారు. పిలవగలిగిన ప్రతివాడూ కంటికి కనిపిస్తున్నాడు. ఒక్కణ్ణీ పిలవలేడు.

మొదటి భాగం ముగిసింది. ఇలాంటి కచేరీల్లో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు. అప్పటిదాకా బిగబట్టుకున్న దగ్గులన్నీ దగ్గుతారు. హాలంతా దగ్గింది. ఇయర్‌పీసులో పెద్దాయన దగ్గు, ఆ వెనకే కాగితం విప్పిన చప్పుడు వినిపించాయి.

"ఇది చప్పరించండి, గొంతు తేలికవుతుంది," అన్నాడు డాక్టరు.

మేనల్లుడి అరచేతులు కుర్చీ అంచుకి అతుక్కుపోయాయి. అరవాలి. అరిస్తే ఆవిడ పోతుంది. అరవకపోతే ఆయన పోతాడు. నిర్ణయించుకునే లోపే నిర్ణయించుకునే వ్యవధి అయిపోయింది. బిళ్ల నోట్లోకి వెళ్లిపోయింది. పైగా చీఫ్ తనకూ ఒకటి ఇమ్మన్నాడు. ఇద్దరూ చప్పరిస్తున్న చప్పుడు చెవిలో స్పష్టంగా వినపడుతోంది. భలే ఉంది డాక్టర్ గారూ అని చీఫ్ మెచ్చుకున్నాడు కూడా.

మేనల్లుడు బాక్సు వైపు చూస్తూ కూర్చున్నాడు, పెద్దాయన తల ఎప్పుడు వాలిపోతుందా అని. కండక్టర్ చెయ్యెత్తాడు. తల వాలలేదు. రెండో భాగం మొదటి వరసలు గడిచాయి. ఆయన కళ్లు మూసుకుని మెల్లగా తలూపుతున్నాడు. బతికే ఉన్నాడు.

ఇత్తడి వాద్యాలు ఒక్కసారి గట్టిగా నిట్టూర్చిన చోట ఆమె పెదవులు కదిలాయి.

"రెండోది."

అప్పుడు బోధపడింది. మొదటిది నమ్మకానికి. రెండోది ఈ భాగం అయిపోయాక, మళ్లీ అందరూ దగ్గేటప్పుడు.

ఆ తర్వాత మాట్లాడే వీలే లేకపోయింది. రెండో భాగం అంతా నెమ్మది. పియానో ఒక్కటే, దాని కింద పరుపు పరిచినట్టు తీగల సవ్వడి. గుసగుసలాడితే మైకు పట్టేస్తుంది. అంత అందమైన సంగీతం మేనల్లుడు జీవితంలో వినలేదు. అది ఎంత అందంగా ఉంటే అంత భయమేసింది. ప్రతి పేజీ ఆ ముసలాయన ఆయుష్షులోంచి ఒక ముక్క. తిప్పుతున్నది తన చెయ్యి.

ఏం చెయ్యాలో తోచక ముందు వరస వైపు చూశాడు. పెద్దావిడ ఒళ్లో శాలువా ఉంది. దాని మీద ఆవిడ ఎడమచేతి వేళ్లు కదులుతున్నాయి. కూతురు ఏ మెట్టు నొక్కితే ఆ వేలే లేస్తోంది. ఒకచోట కూతురు చిటికెన వేలు కాస్త తడబడితే ఆవిడ కనుబొమలు చిట్లాయి.

అత్తయ్య గుర్తొచ్చింది. ముందు గదిలో తను తప్పు వాయిస్తే అత్తయ్య వంటింట్లో ఉండలేకపోయేది. పొయ్యి మీద పాలున్నా సరే, పొంగనిచ్చి పరుగెత్తుకొచ్చేది. పిల్లలకి పియానో నేర్పే మనిషికి అదొక జబ్బు. ఈవిడా ఆ జాతే. ఈ కూతుర్ని తయారు చేసింది ఈవిడే.

స్వరాలు దిద్దుకోవడానికి స్టాండు మీద పెన్సిల్ ఉంది. పేజీ తిప్పే వంకతో లేచి అంచున గబగబా గీశాడు. 'తప్పు వాయించండి. అమ్మ లేచి వస్తారు.'

ఆమె చదివింది. చేతులు ఆగలేదు. తల మాత్రం అడ్డంగా కదిలింది, ఒక్కసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెన్ను పట్టుకున్నవాడు ఊరుకుంటాడా అని ఆమె భయం. వాడు కూడా జనం మధ్యే ఇరుక్కున్నాడు, లేచి వెళ్లే తల్లిని అందరి ముందూ ఏమీ చెయ్యలేడు అన్నది మేనల్లుడి ఊహ మాత్రమే. ఊహ తప్పయితే ఆ తల్లి ప్రాణం తన పద్దులో పడుతుంది.

ఆఖరి పేజీకి ముందు పేజీ. ఆమె అడుగు వరసకి వచ్చింది. తల కొద్దిగా వంచింది, తిప్పమని. మేనల్లుడు లేచాడు. ఒకటి తిప్పాల్సిన చోట నాలుగు పేజీలు కలిపి తిప్పేశాడు.

ఆమె ముందు మూడో భాగంలో ఎక్కడిదో పేజీ తెరుచుకుంది. ఒకటి రెండు వరసలు జ్ఞాపకం మీద సాగాయి. తర్వాత ఎడమ చెయ్యి ఒక దారి, కుడి చెయ్యి ఒక దారి పట్టాయి. రాయి పడ్డ గాజులా స్వరం పగిలింది. కండక్టర్ చటుక్కున తల తిప్పాడు. వయొలిన్లు తడబడ్డాయి. ఆమె ఆపలేదు. తప్పు మీద తప్పు, ఇంకా గట్టిగా, వినేవాళ్లకి పళ్లు జివ్వుమనేలా వాయించింది.

ముందు వరసలో పెద్దావిడ లేచి నిలబడింది.

సూటు మనిషి ముంజేయి బిగించాడు. ఆవిడ అతని వైపు చూసిన చూపుకి జనం కూడా అటే చూశారు. వెనక వరసలో ఒకాయన, పెద్దావిణ్ణి వదలవయ్యా అని కసిరాడు. అంతమంది కళ్లు మీద పడేసరికి సూటు మనిషి వేళ్లు సడలాయి. ఇప్పటిదాకా మేనల్లుణ్ణి కుర్చీకి కట్టేసిన మర్యాదే ఇప్పుడు వాణ్ణీ కట్టేసింది. ఆవిడ చెయ్యి విదిలించుకుని స్టేజి మెట్ల వైపు నడిచింది.

"ఏమైందే నీకు?" అంది, హాలంతా వినపడేలా.

సంగీతం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఇంకొకరు దగ్గారు. హాలంతా అందుకుంది. తప్పించాలనుకున్న దగ్గుల విరామాన్ని మేనల్లుడు తనే తెచ్చిపెట్టాడు.

ఇయర్‌పీసులో కాగితం చప్పుడైంది. ఇంకొకటి వేసుకోండి అంటోంది మెత్తటి గొంతు. పెద్దావిడ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. మోకాళ్ల నొప్పులేమో, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది. సూటు మనిషి చెయ్యి చాస్తే ఇంకా అందేటంత దూరం. మేనల్లుడు కేక బిగబట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పాదం స్టేజి మీద పడింది. కూతురు ఎదురు పరుగెత్తి తల్లిని పియానో వెనక్కి లాగేసింది.

"మావయ్యా, ఆ బిళ్ల మింగనివ్వద్దు! డాక్టరే ద్రోహి!" అని అరిచాడు మేనల్లుడు.

మైకు అక్కర్లేకపోయింది. ఆ హాలు అలాంటి గొంతుల కోసమే కట్టింది.

బాక్సులో చీఫ్ ఆలోచించలేదు. ప్రపంచం గౌరవించే ఆ మహా శాస్త్రవేత్త చెంప మీద అరచేత్తో ఫెళ్లున కొట్టాడు. పెద్దాయన నోట్లోంచి తెల్లటి బిళ్ల ఎగిరి బాక్సు అంచుకి తగిలి లోపలే కింద పడింది. డాక్టరు దాని కోసం వంగాడు, పెద్దాయనకి తినిపించడానికి కాదు, తను తినడానికి. చీఫ్ బూటు ముందే దాని మీద పడింది.

ముందు వరసలోని ఇద్దరూ లేచి, మోకాళ్లు తగిలిన ప్రతివాళ్లకీ క్షమాపణలు చెప్పుకుంటూ నెమ్మదిగా గుమ్మం దాకా నడిచారు. గుమ్మం దగ్గర టికెట్లు చూసేవాళ్లు అంతకంటే మర్యాదగా వాళ్ల చేతులు వెనక్కి విరిచి తీసుకెళ్లారు.

బాక్సులో ఒకరికి ఒంట్లో బాగాలేదని మైకులో ప్రకటించారు. కండక్టర్‌కి ఏమీ అర్థం కాలేదు గాని కోపం మాత్రం తగ్గలేదు. చెంప ఎర్రగా కందిన పెద్దాయన ఒక్కటే కోరాడు, రెండో భాగం మొదటి నుంచి మళ్లీ వినాలని. అందుకని మేనల్లుడు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. తల్లికి స్టేజి పక్కనే కుర్చీ వేశారు. అవే పేజీలు. ఈసారి అతను ఒకచోట లేవడం మర్చిపోతే, ఆమే చెయ్యి చాచి తిప్పుకుంది. తన ఊహ తప్పయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన అతన్ని వదల్లేదు.

విరామంలో తెర చాటున ఆమెను అడిగాడు. తను పేజీలు తిప్పెయ్యడం వల్ల తప్పిందా, లేక ఆమే కావాలని తప్పు వాయించిందా అని.

"నాకూ తెలీదు," అంది. "ఆ పేజీ నాకు కంఠస్థమే. ఎలా మర్చిపోయానో తెలీదు. మా అమ్మకి ఏమైనా అయ్యుంటే మిమ్మల్ని జన్మలో క్షమించేదాన్ని కాదు. అది మాత్రం తెలుసు."

అతను తలూపాడు. కోడ్ వాక్యానికి ఆమె జవాబు ఇప్పటికీ చెప్పలేదు. అతనూ అడగలేదు.

అంతలో తల్లి వచ్చింది. ఆ మర్యాదస్తులైన అభిమానులు చెప్పా పెట్టకుండా ఎక్కడికి పోయారని కూతుర్ని అడిగింది. పనిబడి వెళ్లిపోయారని కూతురు చెప్పింది. ఆవిడ మేనల్లుడి వైపు తిరిగి, ఎగాదిగా చూసి, కోప్పడదామనుకుని అతని ముఖం చూసి కాస్త మెత్తబడింది.

"నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేస్తే ఎలా బాబూ? పైగా ఆ కేకలొకటి. నీకు కంగారెక్కువ. ఈ పని నీకు పడదు. టెన్షన్ లేకుండా, హాయిగా కూర్చుని చేసుకునే ఉద్యోగం ఏదైనా చూసుకో."

తప్పకుండా చూసుకుంటానండి అన్నాడు మేనల్లుడు, పొద్దున్నుంచీ మొదటిసారి నిజం చెబుతూ.